ఉప్పల్ ఇంట్లో రాళ్ళ మీద బుడగలు

ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది చెయ్యి నీళ్ళలో పెట్టకుండా ఉండటం. మోకాళ్ళు అరిగిపోయి పని మానేశాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. పనిలో ఉన్నన్నాళ్ళూ ఈ మాట అంటే నాకు తిండి దొరికేది కాదు. మనల్ని పిలిపించుకునేది ఏదో ఒకటి చేస్తామని కదా! స్టూలు వేసుకుని గంటసేపు ట్యాంకు కేసి చూసి, ఏమీ చెయ్యకుండా లేచి చెప్పులు వేసుకుంటే ఎవరు ఊరుకుంటారు?

నా పేరు రూతు. మాది జనగామ వైపు ఒక పల్లె. పెళ్ళయి నాచారం వచ్చాను, ఇక్కడే ముసలిదాన్నయ్యాను. బతుకంతా ఇళ్ళలో చేపల ట్యాంకులు చూసుకునే పని చేశాను. మొదట్లో అందరిళ్ళలోనూ ఉండే మంచినీళ్ళ ట్యాంకులు, తర్వాత చాలా ఏళ్ళు సముద్రపు నీళ్ళ ట్యాంకులు. ఈ రెండో రకంలో ఫిల్టరు నీళ్ళలో సముద్రపు ఉప్పు కలుపుతాం. సముద్రంలోంచి తెచ్చిన రాళ్ళు పేరుస్తాం. ఆ రాళ్ళ నిండా పురుగులు, నాచు, పగడాలు, కంటికి కనపడని ప్రాణులు బతుకుతుంటాయి. పైనుంచి నీలం లైటు వేస్తే ఇంట్లో సముద్రం ముక్క ఒకటి కూర్చున్నట్టు ఉంటుంది. చూడటానికి అందమే. లిఫ్టు లేని మూడంతస్తులు నీళ్ళ క్యాన్లు మోసేవాళ్ళకి ఆ అందం కొంచెం తక్కువగా కనిపిస్తుంది.

పోచారం వైపు కంప్యూటరు ఉద్యోగాల వాళ్ళు ఇప్పుడు ఇలాంటి ట్యాంకులు తెగ పెట్టిస్తున్నారు. దాంతో ఈ పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు మా ఇంటికి వచ్చి అడుగుతుంటారు. ఏ ఉప్పు మంచిది, ఏ లైటు మంచిది, పంపు ఏ కంపెనీది అని. అవన్నీ ఫోనులో దొరుకుతాయి. దొరకనిది ఒకటి ఉంది, అది రాస్తాను.

యాదగిరన్న గంజు

నాకు పని నేర్పింది యాదగిరన్న. నాచారంలో ఫ్యాక్టరీలకు పోయే దారిలో ఆయన చేపల షాపు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. చేపకు బాగాలేదని ఎలా తెలుస్తుందని మొదటి వారంలోనే అడిగాను. "రంగు జూడకు, తోక జూడకు. మొప్పలు జూడు. మనిషైనా చేపైనా ముందుగాల దమ్ముతోనే ఎరుకైతది" అన్నాడు. అంతకంటే మంచి పాఠం నాకు ఎవరూ చెప్పలేదు.

షాపు వెనక రేకుల కింద ఒక పెద్ద అల్యూమినియం గంజు ఉండేది. వాగులోంచి, క్వారీలోంచి తెచ్చిన రాళ్ళు ఏవైనా సరే, ముందు ఆ గంజులో పడి సలసలా తెర్లాల్సిందే. మంచినీళ్ళ ట్యాంకుల పనిలో ఇది అందరూ చేసేదే, సరైనదే. రాళ్ళకి అంటుకున్న నత్తగుడ్లు, పాకుడు, రోగాలు అన్నీ చస్తాయి. కస్టమర్లకీ ఆయన అదే చెప్పేవాడు. ఆయన పుణ్యాన ఈ చుట్టుపక్కల ఎన్ని వంటిళ్ళలో రాళ్ళు ఉడికాయో లెక్క లేదు.

సముద్రపు రాళ్ళ పెట్టె మొదటిసారి షాపుకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. థర్మాకోల్ పెట్టెలో తడి కాగితాలు చుట్టి ఉన్నాయి. అన్న ఒక రాయి ఎత్తి గంజు వైపు నడిచాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"అన్నా, గవి బతికున్న రాళ్ళంట. ఉడకబెట్టొద్దు."

"రాయి బతుకుడేందే పిచ్చిదానా?" అని పడీ పడీ నవ్వాడు.

ఆ రోజు నుంచి ఉప్పునీళ్ళ పని మొత్తం నాకు వదిలేశాడు. పెట్టెలు పంపే సముద్రం ఒడ్డు వ్యాపారి దగ్గర అడిగి అడిగి నేర్చుకున్నాను. అన్న కౌంటరు చూసుకునేవాడు. కానీ షాపు ఫోను మాత్రం ఆయన చేతిలోనే ఉండేది.

"తెల్వదు" అనే మాట

ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ పడేది కాదు. "కస్టమర్ అడిగిండంటే తెల్వదు అనొద్దు. ఏదో ఒకటి జెప్పు. తెల్వదంటివా, గాయిన పక్క షాపుకు పోతడు" అనేవాడు. నేను తెలియనిదాన్ని తెలియదనే చెప్పేదాన్ని. దీనివల్ల నాలుగు ఇళ్ళు పోగొట్టానని ఆయన గొణుక్కునేవాడు.

ఇప్పటికీ నాదే సరైనదంటాను. కాకపోతే ఆ మాట విన్న మనిషి ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఏం ఆలోచిస్తాడో కూడా మనమే ఆలోచించాలి. ఉప్పల్ ఇంటి సంగతి చెప్తాను, మీకే అర్థమవుతుంది.

శకుంతల గారి కిటికీ

వేణుగోపాల్ గారు ఒక సర్కారు కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. గుంటూరు వైపు వాళ్ళు. ఉద్యోగంలో ఉండగానే ఉప్పల్లో ఫ్లాటు కొనుక్కున్నారు. పిల్లలు లేరు. భార్య శకుంతల గారికి ఎన్నో ఏళ్ళుగా ఉబ్బసం. ఫ్లైఓవర్ పనులు మొదలయ్యాక రోడ్డు మీద లేచే దుమ్ముకి ఆమె బయటికి రావడమే మానేశారు. బాల్కనీ తలుపు కూడా తీసేవాళ్ళు కాదు. ఇంట్లోనే ఉండిపోయిన భార్యకి చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని ఆయన హాల్లో సముద్రపు ట్యాంకు పెట్టించారు.

ఆమె కుర్చీ ఆ ట్యాంకు ఎదురుగానే. కూరగాయలు తరిగేది అక్కడే, కాఫీ తాగేది అక్కడే. ఏ రొయ్య ఏ సందులో పడుకుంటుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. "రూతూ, నాకు కిటికీ ఉంది చూడు" అనేది నవ్వుతూ. ఆయనకి ఆమె పీల్చే ప్రతి ఊపిరీ లెక్కే. ఆమె ఒక్కసారి దగ్గితే పక్క గదిలోంచి వచ్చి నిలబడేవారు. అలాంటి మొగుణ్ణి నేను చాలా తక్కువ ఇళ్ళలో చూశాను. మా ఇంట్లో అసలే చూడలేదు.

ఒక వర్షాకాలంలో ఆయన ఫోను చేసి వెంటనే రమ్మన్నారు. వెళ్ళి చూస్తే రాళ్ళ మీద బుడగలు. సన్న పూసల్లాగా రాళ్ళని పట్టుకుని ఉన్నాయి. మధ్యమధ్య ఒకటి విడిపోయి పైకి వచ్చి పగులుతోంది. పంపు చూశాను, గాలి లాగడం లేదు, అంటే బుడగలు దానివల్ల కాదు. రాళ్ళ మీద పలచగా గోధుమరంగు పొర ఒకటి ఉంది.

"ఏమిటమ్మా అవి?" అన్నారు ఆయన.

"ఇప్పుడే జెప్పలేను సార్."

"ఏదో గ్యాసే కదా! పైకొచ్చి పగిలి ఈ హాల్లోనే కలుస్తోంది. ఈవిడేమో రోజంతా ఇక్కడే కూర్చుంటుంది. ఈవిడ ఊపిరితిత్తుల సంగతి నీకు తెలుసు."

అప్పుడు నాకు అర్థమైంది, ఆయన భయం చేపల గురించి కాదు.

శకుంతల గారు కుర్చీలోంచి కదల్లేదు. "రాళ్ళు ఊపిరి పీలుస్తున్నట్టు లేదూ?" అంది. ఆయన ఆమె వైపు చూసి చిన్నగా నవ్వి, మళ్ళీ నావైపు తిరిగారు.

ఆ బుడగలు నాలుగైదు రకాలవి కావచ్చు. వెలుతురుకి నాచు పొర వదిలే మంచి గాలి కావచ్చు. నాచు తినడానికి ట్యాంకులో వదిలే నత్తలను చంపే చెడ్డ పొర కూడా మొదట్లో సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఒక్క చూపుతో చెప్పేవాళ్ళు ఉంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి, నేనైతే చెప్పలేను. రెండు వారాలు చూడాలి. లైటు తగ్గించి చూడాలి, నత్తలు బతికున్నాయో లేదో చూడాలి. అవన్నీ విడమర్చకుండా క్లుప్తంగా చెప్పాను.

"మనిషికి హాని లేదు సార్. ఫికర్ జెయ్యకుండ్రి. కానీ ఏందో ఇంకా నాకు తెల్వదు. సూద్దాం. అంతదాంక మీరు చెయ్యి పెట్టొద్దు. రాయి నీళ్ళలకెళ్ళి బయటకు తియ్యనే వద్దు. గీ గోధుమరంగు బటన్లు ఉన్నయ్ సూడుండ్రి, గవాట్ల విషం ఉంటది."

బటన్లు అని మేము పిలిచేవి ఒక రకం పగడాలు. చొక్కా గుండీల్లా గుంపుగా రాయికి అతుక్కుని పెరుగుతాయి. ఎవరూ డబ్బు పెట్టి కొనరు, రాయితోపాటు వచ్చేస్తాయి. ముట్టుకోకుండా ఉంటే వాటి మానాన అవి ఉంటాయి. కొన్నింటి ఒంట్లో మాత్రం మనిషిని చంపేంత విషం ఉంటుంది. నేను గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా వాటి జోలికి ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆయన తలూపారు. కానీ ఆయనకి నా మాటల్లో వినపడింది రెండే ముక్కలని తర్వాత తెలిసింది: తెల్వదు, విషం.

ఆదివారం

ఆ ఆదివారం నేను షాపులో లేనప్పుడు ఆయన ఫోను చేశారు. యాదగిరన్న ఎత్తాడు. రాళ్ళ మీద ఏదో పట్టింది, బుడగలు వస్తున్నాయి, విషం ఉందంటున్నారు, ఏం చెయ్యమంటారు అని అడిగారట. అన్న ఎవరికీ తెల్వదు అని చెప్పినవాడు కాదు కదా!

"రాళ్ళు తీసి మంచిగ ఉడకబెట్టుండ్రి సార్. ఎసొంటి విషమైనా సస్తది. సాఫ్ అయితయి, గంతే."

వేణుగోపాల్ గారికి ఆ మాట నచ్చింది. పాలు కాచినట్టే కదా అనుకున్నారు. నిజానికి ఆ విషం ఉడికిస్తే చావదు. ఆవిరితో పాటు లేచి గాలిలో కలుస్తుంది. ఇల్లంతా పాకుతుంది. బయట ముసురు పట్టి ఉంది, కిటికీలన్నీ వేసి ఉన్నాయి. బటన్లు ఎక్కువగా ఉన్న రెండు రాళ్ళు తీసి, ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పెద్ద గిన్నెలో వేసి, స్టవ్ మీద పెట్టారు. హాల్లో శకుంతల గారు తన కుర్చీలో కూర్చుని ఉంది. సముద్రపు వాసన వస్తోందని కూడా అందట.

సాయంత్రానికి ఇద్దరికీ జ్వరం, దగ్గు. నోట్లో ఇనుప రుచి. ఆయనది రెండు రోజుల్లో తగ్గింది. ఆమెకు ఊపిరి అందక ఆ పూటే దవాఖానాలో చేర్చారు.

నాకు సోమవారం తెలిసింది. ఏం చేశారో ఆయనే ఫోనులో చెప్పారు. వెంటనే దవాఖానాకు వెళ్ళాను. ఆయన అప్పటికే డాక్టరమ్మకు అన్నీ దాచకుండా చెప్పారు. చిన్న వయసు పిల్ల, ఓపికగా నన్ను కూడా అడిగింది. ఆయన ఫోనులో ఉన్న ఆ పగడం ఫోటో తీసుకుంది, ఎక్కడెక్కడికో ఫోన్లు చేసింది. చివరికి వచ్చి, దీనికి విరుగుడు మందు లేదని, ఊపిరికి సాయం చేస్తూ కాచుకోవడమేనని చెప్పింది.

వేణుగోపాల్ గారు తాళాలు నా చేతిలో పెట్టారు. ముక్కుకు మాస్కు, కళ్ళద్దాలు, గ్లౌజులు వేసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. ముందు కిటికీలన్నీ తెరిచాను. గిన్నె ఇంకా స్టవ్ మీదే ఉంది. రాళ్ళు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. బ్లీచింగు పోసి, మూతపెట్టి, మూటగట్టి తీసుకెళ్ళాను. మిగతా రాళ్ళు, చేపలు, నత్తలు అన్నీ మా షాపు వెనక తొట్టిలోకి మార్చాను. ఆ ట్యాంకు ఖాళీ చేసి తుడిచాను.

యాదగిరన్న దవాఖానాకు వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు దగ్గర టీ బండి పక్కన నిలబడ్డాడు. "ఇన్నేండ్ల సంది ఉడకబెడుతున్న గదనే. ఒక్కరికన్న గింత జరం వచ్చిందా?" అన్నాడు. ఏడుస్తున్నాడు. నాకు జాలి వేసింది, దాంతోపాటు కోపం కూడా ఆగలేదు. "గవి వేరే రాళ్ళని నీకు జెప్పిన గదన్నా" అన్నాను. ఆ నెలలోనే గంజును పాత సామాన్ల వాడికి ఇచ్చేశాడు. ఫోను నాకు ఇచ్చాడు.

ఆయన చెడ్డవాడు కాదు. తనకు బాగా తెలిసిన పని ఎక్కడ ఆగిపోతుందో మాత్రం ఆయనకు తెలియదు. ఈ పనిలో నేను చూసిన ప్రమాదాలన్నీ ఇలాంటి వాళ్ళ చేతిలోనే జరిగాయి. చేతకానివాడు భయంతో దూరంగా ఉంటాడు.

పిల్లలకు

కాబట్టి వినండి. సముద్రపు రాయిని ఇంట్లో ఉడకబెట్టొద్దు, వేడినీళ్ళు పొయ్యొద్దు, బ్రష్షుతో బరబరా రుద్దొద్దు. ఈ మాట కస్టమరుకు మొదటి రోజే చెప్పండి, ఆయనకి విసుగొచ్చేదాకా చెప్పండి. తెలియదు అన్నప్పుడు దాంతోపాటే మళ్ళీ ఎప్పుడు వస్తారో చెప్పండి. రాకముందే ఒకసారి ఫోను చెయ్యండి. ఇంట్లో ఊపిరి సమస్య ఉన్నవాళ్ళు ఉన్నారా అని అడగండి. చేప జబ్బు పడితే ఎవరూ తొందరపడరు. మనిషి గురించి భయం పట్టుకుంటే మాత్రం ఎంత చదువుకున్నవాడైనా ఆగలేడు. అసలు భయం దేనికో ఆ రోజే పసిగట్టి, దానికి జవాబు చెప్పి రండి.

ఇంకొకటి. కస్టమరుకు అబద్ధం చెప్పొద్దు. నేను ఒక్కసారే చెప్పాను. అది ఇప్పుడు రాస్తాను, కానీ నేర్చుకోవద్దు.

ఆమె అడిగిన ప్రశ్న

శకుంతల గారు బతికింది. ఊపిరితిత్తులు మాత్రం మళ్ళీ బాగుపడలేదు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టారు. దానికి నీళ్ళ సీసా ఒకటి ఉంటుంది. గాలి ఆ నీళ్ళలోంచి వచ్చి ముక్కు గొట్టంలోకి పోతుంది. మిషన్ నడిచినంతసేపూ ఆ సీసాలో బుడగలు లేస్తూనే ఉంటాయి.

అప్పటికి ఆ రాళ్ళ సంగతి నాకు తేలిపోయింది. షాపు వెనక తొట్టి మీద లైటు వేస్తే మధ్యాహ్నానికి బుడగలు వచ్చేవి. ఆర్పితే పోయేవి. నత్తలన్నీ బతికే ఉన్నాయి. అంటే అది మంచి గాలే. మనం పీల్చేదే, ఆమెకు మిషన్ పెట్టి ఎక్కిస్తున్నదే. ఏమీ చెయ్యకుండా వదిలేసి ఉంటే ఆ పొర దానంతటదే పోయేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆమెను చూడటానికి వెళ్ళాను. ఖాళీ ట్యాంకు అక్కడే ఉంది. ఆమె కుర్చీ కూడా అక్కడే. వేణుగోపాల్ గారు బాగా చిక్కిపోయారు. ఆమె మందులు, తిండి, బట్టలు అన్నీ ఆయనే చూసుకుంటున్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన కళ్ళు ఆ నీళ్ళ సీసా మీదికి పోయేవి, అక్కడే ఉండిపోయేవి.

ఉన్నట్టుండి ఆమె అడిగింది. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటూ అడిగింది.

"రూతూ, ఇంతకీ ఆ బుడగలు... ఏమిటో తేలిందా?"

ఆయన చేతిలోని తువాలు మడత పెడుతున్నారు. ఆ చేతులు ఆగిపోయాయి. తలెత్తి నా వైపు చూడలేదు. చూడకుండానే వింటున్నారని నాకు తెలిసింది. నిజం చెబితే ఆ మనిషి ఏమైపోతాడో ఆ వంగిన వీపు చూస్తే తెలుస్తోంది. ఆమె ఊపిరికి ఏమవుతుందోనన్న భయంతో పొయ్యి వెలిగించిన మనిషి ఆయన.

"తెల్వదమ్మా" అన్నాను. "శానా రకాలుంటయి. చెడ్డయి గిట్ల ఉంటయి. రాళ్ళు పోయినయ్ గద, ఇంక ఎవరూ జెప్పలేరు."

ఆయన తువాలు మడత పూర్తి చేసి కుర్చీ చేతి మీద పెట్టారు. "కూర్చో అమ్మా, టీ పెడతాను" అని వంటింట్లోకి వెళ్ళారు.

ఆమె నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"లైటు వేస్తే వచ్చేవి. ఆర్పితే పోయేవి" అంది గుసగుసగా. "రోజంతా ఎదురుగా కూర్చున్నదాన్ని. నాకు తెలీదా?"

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

"రోజూ అడుగుతారు, ఏమై ఉంటాయీ అని. నాకేం తెలుసు అంటాను. నమ్మరు. నువ్వు తెలీదంటే నమ్ముతారు. అందుకే ఆయన ముందు అడిగాను."

వంటింట్లో కప్పుల చప్పుడైంది. ఆయన వస్తున్నారు. ఆమె ఆ మడతపెట్టిన తువాలు అందుకుని, విప్పి, బుడగలు లేస్తున్న సీసా కనపడకుండా దాని మీద కప్పింది.